డేటా ఆఫ్ చేసినా ఆడుకునే గేమ్స్: జైనూర్‌లో నేను ఇష్టంగా ఆడినవి

గేమ్ రివ్యూ అనగానే మనం మూడు విషయాలు చూస్తాం. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఎన్ని ఫ్రేమ్స్ వస్తున్నాయి, ఫోన్ ఎంత వేడెక్కుతోంది. వీటికి నేను ఇంకో టెస్ట్ కలుపుతాను. మొబైల్ డేటా ఆఫ్ చేసి, వైఫై కూడా తీసేసి, గేమ్ ఓపెన్ చేస్తాను. మెనూ దాటి లోపలికి పోనిస్తే పాస్, "నెట్‌వర్క్ ఎర్రర్, మళ్లీ ప్రయత్నించండి" అంటే ఫెయిల్.

హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ పెట్టుకుని కూర్చున్నవాళ్లకు ఈ టెస్ట్ వింతగా అనిపించొచ్చు. మాది జైనూర్. ఉట్నూరు నుంచి కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ పోయే దారిలో వస్తుంది. మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ బాగానే ఉంటుంది. అక్కడి నుంచి గూడేల వైపు నాలుగు కిలోమీటర్లు పోతే ఫోన్‌లో 4జీ గుర్తు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. వాన పడితే కరెంటు పోతుంది, కరెంటు పోతే కాసేపటికి టవర్ కూడా పోతుంది. నెలకోసారి ఇంటికి వెళ్లే నాకు, అక్కడే ఉండే మా తమ్ముళ్లకు, ఏ గేమ్ "బాగుంది" అనేది ప్రాసెసర్ కన్నా ముందు టవర్ తేలుస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబర్ మొదటి వారంలో జైనూర్ గొడవలు వార్తల్లో చూసే ఉంటారు. ఊళ్లో ఆంక్షలు పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. మామూలు కాల్ కలిస్తే చాలు అనుకున్న రోజులవి, గేమ్స్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు మా చిన్నాయన కొడుకు ఒక మాట అన్నాడు: "అన్నా, ఇంట్లకెళ్లి బయటికి పోనియ్యలే. ఫోన్‌ల ఉన్న పది గేమ్‌లల్ల రెండే తెరుచుకున్నయ్." ఆ రెండింటిలో ఒకటి లూడో, ఇంకోటి కింద చెప్పబోయే వ్యవసాయం గేమ్. ఆ మాట విన్నప్పటి నుంచే నా ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఉన్న గేమ్స్‌ని ఈ లెక్కన చూడడం మొదలుపెట్టాను.

హాట్‌స్పాట్ మీద యుద్ధం

మా వయసువాళ్లకు మొదటి గేమ్ నోకియా ఫోన్‌లో పాము. బాపు దగ్గర 1100 ఉండేది, అందులో పాముతో పాటు స్పేస్ ఇంపాక్ట్ కూడా ఉండేది. తర్వాత నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి ఐజీఐ, వైస్ సిటీ. ఐజీఐ 2000లో వచ్చింది, మేం ఆడేసరికి దానికి పదేళ్లు. ఆట మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు కాబట్టి మిషన్ చివర్లో చస్తే మొత్తం మళ్లీ మొదటి నుంచి. గంట అయిపోయిందని నెట్ సెంటర్ అన్న వెనక నిలబడితే ఆ టెన్షన్ వేరు.

కానీ నాకు ఇప్పటికీ నంబర్ వన్ మల్టీప్లేయర్ ఏదంటే మినీ మిలీషియా అనే చెప్తాను. నవ్వకండి. బీటెక్ హాస్టల్‌లో ఒకడు హాట్‌స్పాట్ ఆన్ చేస్తే రూమ్‌లో ఉన్నవాళ్లంతా అందులోకి దూకేవాళ్లం. డేటా ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు, ఎందుకంటే ఫోన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి, మాట బయటి సర్వర్‌దాకా పోనే పోదు. పింగ్ అనే సమస్యే ఉండదు. బాంబు విసిరినవాడు పక్క మంచం మీదే ఉంటాడు కాబట్టి దిండు ఎటు విసరాలో కూడా తెలుస్తుంది. పదివేల ఫోన్‌లో కూడా ఆగకుండా నడిచేది. ఇంజనీరింగ్ చదివినవాడిగా చెప్తున్నా, లోకల్ వైఫై ఆట పెట్టడం పెద్ద రాకెట్ సైన్స్ కాదు. ఇప్పటి పెద్ద గేమ్స్‌లో అది ఎందుకు కనిపించదంటే, ఆట సర్వర్ మీద ఉంటేనే స్కిన్లు అమ్మొచ్చు, ఎవరు ఎంతసేపు ఆడారో లెక్క పెట్టొచ్చు.

బీజీఎంఐ: ఇష్టమే, నమ్మకం లేదు

పబ్‌జీ మొబైల్ 2018లో వచ్చింది. జియో వచ్చి అప్పటికి ఏడాదిన్నర. మా ఊళ్లో ఈ రెండింటినీ విడదీసి చెప్పలేం. సాయంత్రమైతే సిగ్నల్ దొరికే గట్టు మీద నలుగురు కూర్చునేవాళ్లం. స్క్వాడ్‌లో ఒకడు లంబాడీ, ఇద్దరు గోండులు, నేను. తెలుగు, ఉర్దూ, గోండీ, మధ్యలో మరాఠీ తిట్లు. లెవెల్ 3 హెల్మెట్ ఎక్కడ కనిపించిందో ఆ ఇద్దరు గోండీలో చెప్పుకుని, మాకు తెలియకుండా తీసేసుకునేవాళ్లు. నాలుగు గోండీ ముక్కలు నేను నేర్చుకున్నది బడిలో కాదు, ఇదిగో ఇక్కడ, హెల్మెట్ కోసం.

ఆట మీద నా అభిప్రాయం మారలేదు. చివరి నాలుగు సర్కిళ్లలో వచ్చే ఆ భయం ఇంకే మొబైల్ గేమూ ఇవ్వలేదు. గడ్డిలో పడుకుని అడుగుల చప్పుడు వినడం, అటుపక్క వాడు రీలోడ్ చేస్తున్నాడని లెక్కగట్టి లేవడం, ఇవన్నీ మనం చెవులతో ఆడే ఆట. అందుకే బీజీఎంఐ కోసం ఫోన్ అడిగేవాళ్లకు నేను ముందు ఇయర్‌ఫోన్స్ గురించి చెప్తాను, అవీ వైర్ ఉన్నవి. చవక బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తే ఎంత ఫ్రేమ్ రేట్ ఉన్నా చస్తారు.

కానీ దీని చరిత్ర చూడండి. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం మరో 117 యాప్‌లతో కలిపి నిషేధించింది. అక్టోబర్ చివరికి సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలై 2న బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది. 2022 జూలై 28న ప్లే స్టోర్ నుంచి మాయమైంది. 2023 మే చివర్లో మళ్లీ దర్శనమిచ్చింది. ఫ్రీ ఫైర్ సంగతీ అంతే, 2022 ఫిబ్రవరిలో పోయింది, మ్యాక్స్ వెర్షన్ మాత్రం మిగిలింది. దేశ భద్రత కారణాల మీద తీసుకున్న నిర్ణయాలు కాబట్టి తప్పా ఒప్పా అనే వాదనలోకి నేను పోను. ఆడేవాడి వైపు నుంచి ఒక్కటే చెప్తాను: మూడేళ్లలో రెండుసార్లు చేతిలోంచి పోయిన ఆటలో డబ్బులు పెట్టి బట్టలు కొనొద్దు. తమ్ముళ్లకు ఇదే చెప్తాను. వాళ్లు వినరు, అది వేరే విషయం.

తెగులు లేని పంట

ఇంటర్నెట్ ఆగిన రోజుల్లో మా తమ్ముడి ఫోన్‌లో తెరుచుకున్న రెండో గేమ్ స్టార్డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ తనే చేసుకున్నాడు. 2016 ఫిబ్రవరిలో కంప్యూటర్‌కి, 2019లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. ఒకసారి కొంటే అంతే, యాడ్స్ లేవు, "ఎనర్జీ అయిపోయింది, యాభై రూపాయలు కట్టు" అనే గోల లేదు. సేవ్ ఫైల్ మన ఫోన్‌లోనే ఉంటుంది.

తాత వదిలిపెట్టిన పాడుబడ్డ పొలానికి మీరు వెళ్తారు. రాళ్లు ఏరాలి, మొద్దులు నరకాలి, విత్తనాలు వేయాలి, రోజూ నీళ్లు పోయాలి. ఒక్కో కాలానికి 28 రోజులు. కాలం మారితే నిలబడ్డ పంట ఎండిపోతుంది. అమ్మాలంటే పంటను పెట్టెలో వేసి పడుకోవాలి, పొద్దున లేచేసరికి డబ్బులు.

ఇది చూసి బాపు అడిగిన ప్రశ్నలు ఏ రివ్యూలోనూ నేను చదవలేదు. మాది పత్తి. "ఇండ్ల గులాబీ పురుగు రాదా?" రాదు బాపు, కాకులు వస్తాయి, దిష్టిబొమ్మ పెడితే పోతాయి. "తేమ చూస్తరా?" చూడరు. "రేటు ఎవడు చెప్తడు?" ముందే ఉంటుంది, మారదు. కాసేపు చూసి, "గట్లైతే అందరం గిదే చేద్దుం" అని లేచిపోయాడు. సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం ఉంటేనే పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొననే కొనరు. ఆ లెక్క తెలిసిన మనిషికి ఈ పెట్టె పెద్ద కామెడీ.

నేను మాత్రం సీరియస్‌గా చెప్తున్నా, మొబైల్‌లో ఇంతకన్నా మంచి కొనుగోలు నాకు కనిపించలేదు. వంద గంటలు దాటాను. చిన్న స్క్రీన్ ఫోన్‌లో వేలితో నీళ్లు పోయడం కొంచెం చిరాకు, పక్క గడిలో పడుతుంది. చేపలు పట్టే మినీ గేమ్ అయితే టచ్ మీద మొదటి వారం నరకమే. ఆ తర్వాత చెయ్యి అలవాటు పడుతుంది.

ఇంట్లో పేకాట అనుకున్నారు

బలాట్రో గురించి చెప్పేముందు ఒక హెచ్చరిక. ఇది ఇంట్లో అందరి ముందు ఆడితే వివరణ ఇచ్చుకోవాలి. స్క్రీన్ నిండా పేక ముక్కలు, చిప్స్, రంగులు. అమ్మ చూసి ఏమీ అనలేదు, వంటింట్లోకి పోయి బాపుతో అన్నది: "పోరడు రమ్మీ ఆడుతుండు, అడుగు."

ఆమె భయంలో తప్పేం లేదు. రమ్మీ యాప్‌లలో అప్పులపాలైనవాళ్ల వార్తలు మన రాష్ట్రంలో లేని జిల్లా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చి దేశమంతటా డబ్బు ఆటలను ఆపింది, ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా పెట్టి ప్రోత్సహిస్తామని చెప్పింది. మన ఊళ్లలో "గేమ్" అనే మాటకే ఈ యాప్‌లు చెడ్డపేరు తెచ్చాయి. నేను స్టార్డ్యూ ఆడినా బలాట్రో ఆడినా అమ్మకు అది ఒకటే "ఫోన్‌ల ఆట".

బలాట్రోలో పందెం లేదు. మీరు ఓడించాల్సింది ఒక అంకెను. పోకర్ చేతులు, అంటే జతలు, వరుసలు, ఒకే రంగు ముక్కలు, వీటితో పాయింట్లు చేయాలి. మధ్యలో జోకర్లు కొనుక్కోవచ్చు, 150 రకాలున్నాయి. ఒక్కో జోకర్ ఒక్కో రూల్‌ని వంచుతుంది. ఒకటి జతకు ఎక్కువ ఇస్తుంది, ఇంకొకటి ఉన్న లెక్కను రెండింతలు చేస్తుంది. ఈ రెండూ సరైన వరుసలో పెడితే స్కోర్ వందల నుంచి లక్షల్లోకి దూకుతుంది. వరుస మారితే సగం కూడా రాదు. ముందు కూడిక, తర్వాత గుణకారం. ఐదో తరగతి లెక్కే, కానీ అది పేలినప్పుడు వచ్చే ఆనందం ప్రొడక్షన్‌లో బగ్ దొరికినప్పుడు వచ్చే ఆనందంతో సమానం.

లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉన్న ఒకే ఒక్క డెవలపర్ దీన్ని చేశాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, సెప్టెంబర్‌లో మొబైల్‌కి. యూరప్‌లో రేటింగ్ ఇచ్చే పెగీ సంస్థ మొదట దీనికి 18 ఏళ్ల గుర్తు వేసింది, అప్పీల్ తర్వాత 2025లో 12కి దించింది. అంటే మా అమ్మకూ ఆ సంస్థకూ ఒకే అనుమానం వచ్చింది. నెట్ అక్కర్లేదు, ఏ ఫోన్‌లోనైనా నడుస్తుంది, బ్యాటరీ పెద్దగా తినదు. బస్సులో ఉట్నూరు ఘాట్ దాటేలోపు ఒక రౌండ్ అయిపోతుంది. ఒక్క రౌండ్‌తో ఆపగలిగితే.

రెడ్ డెడ్ 2ని ఆదిలాబాద్ నుంచి చూస్తే

నా ఆల్ టైమ్ ఫేవరెట్ ఇదే. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వచ్చింది 2018లో, కంప్యూటర్‌కి 2019లో. నేను ఆడింది ఉద్యోగం వచ్చి, సొంతంగా గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాక. దీని గుర్రాల గురించి, మంచు గురించి, వేట గురించి వేల వీడియోలున్నాయి. అవన్నీ నిజమే. నేను ఇంకో భాగం గురించి చెప్తాను. కథ చివరి భాగం కొంచెం తెలుస్తుంది, ఆడాలనుకునేవాళ్లు ఈ రెండు పేరాలు వదిలేయండి.

కథ 1899లో జరుగుతుంది. ఆర్థర్ మోర్గన్ ఒక దొంగల ముఠా మనిషి. ఆరో అధ్యాయంలో వాపిటి అనే ఆదివాసీ తెగ కనిపిస్తుంది. వాళ్లను అసలు నేల నుంచి తరిమి ఒక కొండ పక్కన పెట్టారు. ఇప్పుడు అక్కడా నూనె ఉందని కార్న్‌వాల్ అనే కోటీశ్వరుడికి తెలిసింది, సైన్యం వచ్చింది. పెద్దాయన రెయిన్స్ ఫాల్ యుద్ధం వద్దంటాడు. ఎన్ని ఒప్పందాలు చేసుకున్నారో, ఎన్ని చెరిగిపోయాయో ఆయనకు తెలుసు. కొడుకు ఈగిల్ ఫ్లైస్ తిరగబడతానంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంటుంది. రెండు దారులూ ఎటు పోతున్నాయో ఆర్థర్‌కి కనిపిస్తుంది, కానీ ఆపలేడు.

జోడేఘాట్ మాకు దూరం కాదు, కెరమెరి మండలంలోనే. 1940లో కుమ్రం భీం అక్కడే నిజాం పోలీసుల చేతిలో చనిపోయాడు. అడవి మీద, నీళ్ల మీద, భూమి మీద హక్కు అడిగినందుకు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన ఉన్న మార్లవాయి మా జైనూర్ మండలంలో ఊరు. చిన్నప్పటి నుంచి వినీ వినీ బోర్డు మీద పాఠంలా మారిపోయిన సంగతులివి. రెయిన్స్ ఫాల్ గుర్రం మీద పక్కన నడుస్తూ తన ఊరు గురించి మెల్లగా చెప్తుంటే, నేను కంట్రోలర్ పక్కన పెట్టి విన్నాను. మా దోస్త్‌ని, అదే హెల్మెట్ దొంగని, పిలిచి చూపించాను. వాడు మొత్తం చూసి, "ముసలాయన మా తాత లెక్క మాట్లాడుతుండు," అన్నాడు. ఆట సాయంత్రం ఏడింటికి మొదలుపెడితే వాడు ఇంటికి పోయేసరికి పన్నెండు.

ఈ గేమ్‌లో నాకు నచ్చనిది కూడా ఉంది. వాపిటి వాళ్ల కథ చివరికి ఆర్థర్ కథకు ఉపయోగపడే సరుకుగానే మిగిలింది. వాళ్ల వైపు నుంచి ఆడే అవకాశం ఎక్కడా ఇవ్వలేదు. జోడేఘాట్ మీద ఎవరైనా గేమ్ చేస్తే, తుపాకీ పట్టుకునే ముందు పోడు కొట్టడం, ఫారెస్ట్ వాళ్లకు జుర్మానా కట్టడం ఆటగాడితో చేయించాలి. అప్పుడు గానీ తుపాకీ బరువు తెలియదు. ఆర్ఆర్ఆర్‌లో భీం పులితో పరుగెత్తడం బాగానే ఉంది, కానీ అది వేరే సరదా.

టెక్నికల్‌గా: సైజ్ వంద జీబీ దాటుతుంది. మొదటిసారి నెట్‌లో యాక్టివేట్ చేయాలి, ఆ తర్వాత స్టోరీ మోడ్ ఆఫ్‌లైన్‌లో నడుస్తుంది. మధ్యస్థం సెట్టింగ్స్‌లో నా ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడాను, ఫ్యాన్ మాత్రం పిండిగిర్నీ లెక్క మోగింది.

వంట పుస్తకంలో చిరిగిన పేజీ

మన భాషలవాళ్లు చేసిన గేమ్స్‌లో వెన్బా తప్పక ఆడాలి. టొరంటోలోని విసాయి గేమ్స్ 2023 జూలైలో తెచ్చింది. ఎనభైల చివర్లో కెనడా వెళ్లిన తమిళ కుటుంబం కథ. గంటన్నరలో అయిపోతుంది. అమ్మ తెచ్చిన వంట పుస్తకంలో పేజీలు చిరిగిపోయి ఉంటాయి, మిగిలిన మాటలను బట్టి ఇడ్లీ ప్లేట్లు ఎలా పేర్చాలో, పుట్టు గొట్టంలో పిండి, కొబ్బరి ఏ వరుసలో వేయాలో మనం ఊహించాలి. కొడుకు కవిన్ తమిళంలో మాట్లాడితే బడిలో నవ్వుతారని ఇంగ్లీష్‌లో జవాబిస్తాడు. పెద్దయ్యాక ఆ పుస్తకం తెరిస్తే చదవడం సగమే వస్తుంది.

కెనడా దాకా పోనవసరం లేదు. జైనూర్‌లో బడికి వచ్చే గోండు పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. మా పక్క నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊళ్లో గోండీ లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వాటిని వెలుగులోకి తెచ్చారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11లో గుంజాల గోండి లిపి చేరింది. అంటే ఈ రోజు ఏ గేమ్ డెవలపర్ అయినా ఫాంట్ పెట్టి గోండీలో సబ్‌టైటిల్ వేయొచ్చు, సాంకేతికంగా అడ్డం ఏదీ లేదు. పెద్ద గేమ్స్ తెలుగుకే దిక్కులేకుండా వదిలేస్తున్నాయి, ఇక గోండీ ఎక్కడ అంటారేమో. పెద్ద కంపెనీల మాట నేనూ అనను. బలాట్రో, స్టార్డ్యూ ఒక్కొక్కరు చేసినవే కదా.

హైదరాబాద్‌లో స్టూడియోలు లేక కాదు. ఓగర్ హెడ్ స్టూడియో 2017లోనే అసుర అనే గేమ్ చేసింది, పైనుంచి చూస్తూ కత్తితో నరికే రకం. చేత్తో గీసిన బొమ్మలు. అందులో మనం రాక్షసుడి వైపు. బాగా కష్టం, బాగా కసి. పుణెలోని నోడింగ్ హెడ్స్ చేసిన రాజీ 2020లో వచ్చింది, గోడల మీద బొమ్మలు, కోటలు చూస్తే ఆగి చూడాలనిపిస్తుంది, ఫైటింగ్ మాత్రం సగం నుంచి ఒకేలా సాగుతుంది.

ఈ మధ్య ఆడినవి

సిల్క్‌సాంగ్. 2019లో ప్రకటించి 2025 సెప్టెంబర్ 4న ఇచ్చారు, ఆ రోజు స్టీమ్ స్టోర్ కాసేపు కుప్పకూలింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో గుప్పెడు మంది చేసిన గేమ్ ఇది. హార్నెట్ కదలికలు పట్టులా ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డ్ లేని ఆఫీస్ టైప్ ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, పూర్తిగా ఆఫ్‌లైన్. కానీ కనికరం లేదు. మొదటి గంటల్లోనే ఒక్క దెబ్బకు రెండు ప్రాణాలు పోతాయి. లాస్ట్ జడ్జ్ అనే బాస్ కన్నా అక్కడిదాకా మళ్లీ మళ్లీ నడిచే దారే ఎక్కువ చంపింది. కష్టంగా ఉండడం వేరు, టైమ్ తినడం వేరు. ఈ గేమ్ రెండూ చేస్తుంది, రెండోది నాకు నచ్చలేదు. కీబోర్డ్ మీద ప్రయత్నించకండి, వైర్ ఉన్న మామూలు కంట్రోలర్ అయినా సరే కొనుక్కోండి.

ఎక్స్‌పెడిషన్ 33 మీద ఇప్పటికే అందరూ రాశారు, 2025 గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ కూడా దానికే. ఏటా ఒక అంకె రాస్తారు, ఆ వయసువాళ్లందరూ దుమ్ములా కలిసిపోతారు. ఈ ఏడు 33. మొదటి అరగంట కోసమే కొన్నా డబ్బులు వసూలు. దెబ్బను సరైన క్షణంలో అడ్డుకోవడం బీజీఎంఐలో అడుగుల చప్పుడు వినడం లాంటిదే, కళ్లకన్నా చెవి ముందు పట్టుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డ్ తప్పనిసరి, కనీసం జీటీఎక్స్ 1060 స్థాయి.

ఊరికి గేమ్ తీసుకుపోవడం ఎలా

నలభై జీబీ గేమ్‌ని ఊళ్లో మొబైల్ డేటా మీద దింపడం అంటే రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో నెల. అందుకే నేను చేసేది చెప్తాను. స్టీమ్‌లో 2023 నుంచి లోకల్ ట్రాన్స్‌ఫర్ ఉంది: ఒకే నెట్‌వర్క్ మీద ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకదాంట్లో గేమ్ ఉంటే రెండోదానికి నేరుగా కాపీ అవుతుంది. లాగిన్‌కి కొంచెం నెట్ చాలు, అది ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తుంది. హైదరాబాద్‌లో దింపుకుని, ఇంటికి వెళ్లాక తమ్ముడి ల్యాప్‌టాప్‌లోకి ఇలాగే పంపిస్తాను. బయలుదేరే ముందు ప్రతి గేమ్‌ని ఒకసారి నెట్ ఉండగా ఓపెన్ చేయండి, అప్‌డేట్లు పూర్తి చేయండి, తర్వాత స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి, వైఫై తీసేసి ఇంకోసారి ఓపెన్ చేసి చూడండి. ఈ చివరి పని అందరూ వదిలేస్తారు. జీఓజీలో కొంటే ఇన్‌స్టాలర్ ఫైలే ఇస్తారు, పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు.

ఇది పల్లెటూరి సమస్య మాత్రమే అనుకుంటే 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ గేమ్ సంగతి చూడండి. ఒక్కడివే ఆడినా సర్వర్ కావాల్సిందే. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది, డబ్బులు పెట్టి కొన్నవాళ్లకూ గేమ్ తెరుచుకోలేదు. దాని మీద మొదలైన "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమానికి యూరప్‌లో 2025 జూలై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. పారిస్‌లో ఫైబర్ ఉన్నవాడూ, జైనూర్ గట్టు మీద కూర్చున్నవాడూ ఆ రోజు ఒకే ఎర్రర్ మెసేజ్ చూశారు. కొనేముందు స్టోర్ పేజీలో "ఎల్లప్పుడూ ఇంటర్నెట్ అవసరం" అని ఉందేమో చూడడం మీ చేతిలో ఉంది.

జీటీఏ 6 సంగతి అడిగేవాళ్లకు: 2026 నవంబర్ 19 అని చెప్పారు, అదీ పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోల్స్‌కే. కంప్యూటర్‌కి తేదీ ఇవ్వలేదు. మా తమ్ముడు ఇప్పటి నుంచే ప్లాన్‌లో ఉన్నాడు, గేమ్ ఎన్ని జీబీ ఉంటుందో తెలిస్తే ఎన్నిసార్లు హైదరాబాద్ రావాలో లెక్కేసుకుంటాడట. ఈలోపు దండారికి ఇంటికి వెళ్తున్నాను. ల్యాప్‌టాప్‌లో హేడీస్ 2 దింపాను, ఫోన్‌లో స్టార్డ్యూ ఉంది, పాత ఫోన్‌లో మినీ మిలీషియా కూడా పెట్టాను. హెల్మెట్ దొంగ వస్తానన్నాడు.